పిల్లలు మనకు చెప్పని మాట, సర్వేవాళ్ళకు చెప్పిన మాట

(ఆసుపత్రి ఓపీ హాలులో రోగుల బంధువుల కోసం జరిపిన ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాలులో వారం వారం ఒక సిస్టర్ వచ్చి షుగరు గురించో, బి.పి. గురించో, బాలింత ఆహారం గురించో చెప్పడం మీకు తెలుసు. ఈ వారం నా వంతు వచ్చింది. నేను మీ పిల్లల గురించి మాట్లాడతాను. చంటిపిల్లల గురించి కాదు. వాళ్ళకు టీకా వేయించారా, బరువు ఎంతుంది అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. పదమూడు, పద్నాలుగేళ్ళు దాటి, ఇంకా ఇరవై నిండని పిల్లల గురించి. ఆ వయసువాళ్ళు ఆసుపత్రికి రావడమే తక్కువ. వచ్చినా డాక్టరు గారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేది వాళ్ళు కాదు, పక్కన నిలబడిన మనం.

ఆ మధ్య మా ఆడవాళ్ళ వార్డులో ఒక అమ్మాయి చేరింది. ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉండి చదువుతోంది. కాలేజీలో మెట్లు ఎక్కుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 6 దగ్గర ఉంది. ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి. డాక్టరు గారు రక్తం ఎక్కించాలన్నారు. వాళ్ళమ్మ నమ్మలేదు. "దానికేం తక్కువ సిస్టర్? అడిగినంత ఫీజు కడుతున్నాం, ఆదివారం ఆదివారం కేరేజీ పట్టుకెళ్తున్నాం, శుభ్రంగా తింటుంది" అన్నది. పిల్ల తల వంచుకుని దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది.

రాత్రి డ్యూటీలో తల్లి టీ తాగడానికి వెళ్ళినప్పుడు నేను కర్టెన్ లాగి, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏమీ గుచ్చి అడగలేదు. పొద్దున్న లేచినప్పటి నుంచి నీ రోజు ఎలా గడుస్తుందమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది. తెల్లవారుజామున స్టడీ అవర్. టిఫినుకి ఇచ్చే టైము చాలదు, లైను పెద్దది, అందుకని సగం రోజులు మానేస్తుంది. నెలసరి ఎనిమిది, తొమ్మిది రోజులు పోతూనే ఉంటుంది, ఏడాదిగా అంతే. అమ్మకు చెప్పలేదా అంటే, ఫోను మాట్లాడేటప్పుడు పక్కన వార్డెన్ ఉంటారు, ఆదివారం నాన్న కూడా ఉంటాడు అన్నది. తర్వాత కాసేపాగి, నేను అడగకుండానే, "నాకు ఈ లెక్కల గ్రూపు ఇష్టం లేదు సిస్టర్" అన్నది.

మర్నాడు వాళ్ళమ్మ నన్ను ఆపి, "ఇవన్నీ మీకెట్టా చెప్పింది? నాకెప్పుడూ చెప్పలేదే" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు, బాధ ఉంది. నేను చెప్పిన జవాబు ఒక్కటే: "నేను అడిగానమ్మా."

ఈ సంగతి నాకు సర్వేల్ని గుర్తు చేసింది. సర్వే అనగానే మీలో కొందరు రేషను కార్డు తీసి పట్టుకుంటారని నాకు తెలుసు. నేను చెప్పేది ఆ సర్వే కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి మన ఇంటికో, పిల్లల బడికో వచ్చి, ఏం తింటారు, ఎలా ఉంటారు, ఏం కావాలనుకుంటున్నారు అని ఓపికగా అడిగి రాసుకుపోయే సర్వే. మన పిల్లలు వాళ్ళకు నిజం చెబుతున్నారు. ఆ నిజాలు పుస్తకాల్లో అచ్చయి ఉన్నాయి. మనమే చదవలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటి ఉంది. దేశమంతా తిరుగుతుంది. ఐదో విడత 2019 నుంచి 2021 వరకు జరిగింది. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ 2019లోనే వచ్చారు. ఆడవాళ్ళను ఆడవాళ్ళే అడుగుతారు, వీలైనంత వరకు పక్కన ఎవరూ లేకుండా చూసుకుంటారు. వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి చిన్న మిషన్లో చూస్తారు. అలా చూస్తే 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 60 మందికి, తెలంగాణలో నూటికి దాదాపు 65 మందికి రక్తహీనత ఉంది. మగపిల్లలకు లేదనుకోకండి. దేశం మొత్తం మీద ఆ వయసు మగపిల్లల్లో నూటికి 31 మందికి ఉంది. అంటే మా వార్డుకు వచ్చిన అమ్మాయి వింత కేసు కాదు. ఆ అమ్మాయి కళ్ళు తిరిగి పడింది కాబట్టి మనకు తెలిసింది. మిగతావాళ్ళు పడకుండా తిరుగుతున్నారు, అంతే. చదువు మీద ధ్యాస లేదు, బద్ధకం ఎక్కువైంది అని మన చేత తిట్లు తింటూ.

ప్రభుత్వ బడుల్లో వారానికి ఒకసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. చాలామంది పిల్లలు దాన్ని కిటికీలోంచి విసిరేస్తారు. ఎందుకని అడిగితే, కడుపులో తిప్పుతుంది, దొడ్డికి నల్లగా వస్తుంది, భయమేస్తుంది అంటారు. నల్లగా రావడం మామూలే, భయం లేదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. మాత్ర వేసుకున్న గంట, రెండు గంటల్లో టీ, కాఫీ తాగకూడదు. ఆ పూట నిమ్మకాయ పిండుకుని పప్పు, ఆకుకూర తింటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. నెలసరి ఏడు రోజులు దాటి పోతుంటే అది "ఆడపిల్లలకు మామూలే" కాదు, చూపించాల్సిన విషయం.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. మా లేబర్ రూములో పనిచేసే వాళ్ళెవరికీ అది కొత్త కాదు. 20 నుంచి 24 ఏళ్ళ వయసున్న ఆడవాళ్ళను నీ పెళ్ళి ఎప్పుడయింది అని అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికి 18 నిండకముందే అయింది. తెలంగాణలో నూటికి 23 మందికి పైనే. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో సర్వే నాటికే తల్లులయినవాళ్ళు, లేదా కడుపుతో ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 12 మందికి పైగా. దేశం సగటు 7 లోపే. మంచి సంబంధం వచ్చింది, కట్నం తక్కువ అన్నారు, పిల్లకు చదువబ్బడం లేదు అని మీరు కారణాలు చెబుతారు. నేను వాదించను. రక్తం 7 ఉన్న పదిహేడేళ్ళ పిల్లకు కాన్పు చేసేటప్పుడు మా చేతులు ఎలా వణుకుతాయో ఒక్కసారి మీరు చూస్తే చాలు.

మరి పిల్లలేం కోరుకుంటున్నారు? దానికీ సర్వే ఉంది. అసర్ అనే సర్వేవాళ్ళు 2023లో 26 రాష్ట్రాల్లో 28 జిల్లాల పల్లెటూళ్ళు తిరిగి, 14 నుంచి 18 ఏళ్ళ పిల్లలను 34 వేల పైచిలుకు మందిని కలిశారు. ఏం పని చేయాలనుకుంటున్నావు అని అడిగితే అమ్మాయిలు ఎక్కువగా టీచరు, డాక్టరు అన్నారు. అబ్బాయిలు పోలీసు, మిలిటరీ అన్నారు. డిగ్రీ దాకా చదవాలన్న కోరిక మగపిల్లల కంటే ఆడపిల్లల్లోనే కొంచెం ఎక్కువ కనిపించింది. పెళ్ళి లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. ఐదుగురిలో ఒకరు మాత్రం ఏ పనీ చెప్పలేకపోయారు. పని పేరు చెప్పినవాళ్ళలో కూడా సుమారు సగం మందికి, ఆ పని చేస్తూ తమకు ఆదర్శంగా కనిపించే మనిషి ఎవరూ లేరు. నాకు ఈ మాట దగ్గర కొంచెం ఆగాలనిపిస్తుంది. నేను నర్సును ఎందుకయ్యానంటే, మా అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు ఒక నర్సమ్మ ఆమెకు తల దువ్వడం చూశాను. అంతే. వేరే కారణం లేదు. పిల్ల నర్సు అవుతానంటే ఒక నర్సుతో, మెకానిక్ అవుతానంటే ఒక మెకానిక్‌తో అరగంట కూర్చోబెట్టడానికి డబ్బు ఖర్చు కాదు కదా. ఈ ఆసుపత్రిలోనే ల్యాబు ఉంది, మందుల షాపు ఉంది, ఎక్స్‌రే గది ఉంది. మీ వెంట వచ్చిన పిల్లలు కారిడార్లో ఫోను చూసుకుంటూ కూర్చునే బదులు అక్కడివాళ్ళను నాలుగు మాటలు అడగవచ్చు. వాళ్ళు విసుక్కుంటే నా పేరు చెప్పండి.

ఫోను అన్నాను కాబట్టి ఆ సంగతి కూడా. ఇంచుమించు నూటికి 90 ఇళ్ళల్లో స్మార్ట్ ఫోను ఉందని అదే సర్వే చెప్పింది. వాడటం వచ్చిన పిల్లల్లో, సొంత ఫోను ఉన్న అబ్బాయిలు నూటికి 44 మంది దాకా ఉంటే, అమ్మాయిలు 20 మందే. ఆ ముందు వారంలో వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి చూశామన్నవాళ్ళు నూటికి 90 మంది. చదువుకు సంబంధించిన పనికి వాడామన్నవాళ్ళు మూడింట రెండు వంతుల మంది. అంటే ఫోను పట్టుకున్న ప్రతి పిల్లా పాడైపోతున్నట్టు కాదు, పుస్తకం చదువుతున్నట్టూ కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు నాకు వరసగా నైట్ డ్యూటీలు. రాత్రి ఒంటిగంటకు ఇంటి ల్యాండ్‌లైనుకు ఫోను చేస్తే మొదటి రింగుకే ఎత్తేవాడు. మేలుకుని సెల్ ఫోనుతో ఆడుతున్నాడని నిర్ధారణ చేసుకున్నాను. సెల్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను, నాలుగు మాటలు అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. నేను గెలిచాననుకున్నాను. రెండు నెలల తర్వాత మా పక్కింటి అత్తయ్య చెప్పారు, వాడికి లెక్కల్లో వరసగా మార్కులు తప్పుతున్నాయనీ, రాత్రి నిద్ర పట్టక ఫోను చూస్తున్నాడనీ, ఆ సంగతి ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చాడనీ. నిద్ర పట్టకపోవడం వల్ల ఫోను. నేను ఫోను వల్ల నిద్ర లేదనుకున్నాను. వార్డులో ఎంతమంది పేషెంట్లను "రాత్రి నిద్ర పట్టిందా" అని అడిగి చార్టులో రాశానో లెక్కలేదు. కన్నకొడుకును ఆ ఒక్క మాట అడగలేదు.

అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2022లో అడిగారు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా చదివే 3,79,842 మంది పిల్లలను. పేరు రాయాలో వద్దో పిల్లల ఇష్టానికే వదిలేశారు. పేరు చెప్పక్కర్లేదు అనేసరికి పిల్లలు మనసు విప్పారు. ఆందోళన దేనికంటే నూటికి 81 మంది చెప్పినది చదువు, పరీక్షలు, ఫలితాలు. ఇంట్లో మనం పిల్లలతో ఎక్కువగా మాట్లాడేది కూడా ఈ మూడింటి గురించే.

ఫలితాలు వచ్చే రోజు మా క్యాజువాలిటీలో మేము ఒక మనిషిని అదనంగా పెట్టుకుంటాం. ఎందుకో మీకు వివరించనక్కర్లేదు. 2022 ఒక్క సంవత్సరంలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని ప్రభుత్వ నేర గణాంకాల నివేదిక చెబుతోంది. అందరూ పరీక్ష తప్పినవాళ్ళే కాదు. ఇంటి గొడవలు, ప్రేమ వ్యవహారాలు, జబ్బులు, రకరకాలు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను, వినండి. పిల్ల మునుపటిలా తినకపోయినా, స్నేహితులతో మాట్లాడటం మానేసినా, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచేస్తున్నా, "నేను లేకపోతే మీకు నయం" అన్నా, నవ్వి ఊరుకోవద్దు, తిట్టవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దవాళ్ళు భయపడతారు. అలా జరగదు. అడిగినందుకు పిల్లలకు గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలవద్దు. పొలం మందులు ఇంట్లో ఉంటే ఆ రోజే తీసి తాళం వేయండి, లేదా ఇల్లు దాటించండి. వెంటనే డాక్టరుకు చూపించండి. రాత్రి అయినా, పగలయినా 14416కు ఫోను చేయవచ్చు. టెలి మానస్ అని 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ ఫోనులో ఇప్పుడే ఎక్కించుకోండి. నేను ఆగుతాను.

పొగాకు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2019లో బడుల్లో జరిగిన సర్వేలో 13 నుంచి 15 ఏళ్ళ పిల్లల్లో నూటికి 8 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నామన్నారు. సిగరెట్టు తాగిన పిల్లల్లో నూటికి 38 మంది, ఖైనీ, గుట్కా లాంటివి నమిలినవాళ్ళలో సగానికి పైగా, పదేళ్ళు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్ళ పిల్లవాడికి ఆ పొట్లం ఎక్కడిది? కొట్టుకు పంపి తెప్పించుకునేది ఎవరు? జవాబు మీరే చెప్పుకోండి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటి. ఇందాకటి అసర్ సర్వేవాళ్ళు పిల్లల చేతికి ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి, దాని మీద రాసినది చదివి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పమన్నారు. కాస్తయినా చదవడం వచ్చిన పిల్లల్లోనే మూడింట రెండు వంతుల మంది మూడు ప్రశ్నలకైనా సరిగ్గా చెప్పారు. మిగతావాళ్ళు చెప్పలేకపోయారు. ఇంకా చూడండి. పెన్సిలు పొడవు స్కేలు మీద సున్నా దగ్గర పెట్టి కొలవమంటే నూటికి 85 మంది కొలిచారు. సున్నా దగ్గర కాకుండా కాస్త పక్కకు జరిపి పెడితే 39 మందే చెప్పగలిగారు. తెలివి లేక కాదు, అలా ఎవరూ అడగలేదు. మీరు మందుల చీటీ, సిరప్ మూత కొలత అన్నీ ఇంట్లో పిల్లల చేతే చదివించుకుంటారు కదా. ఒక నాన్న విరేచనాలతో ఇక్కడికి వచ్చాడు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసు నీళ్ళలో కలిపి తాగించారు. తొమ్మిదో తరగతి కొడుకే చదివి కలిపాడట. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళకు. కలిపిన నీళ్ళు 24 గంటల్లో తాగేయాలి, మిగిలితే పారబోయాలి. ఈ రాత్రి ఇంటికెళ్ళాక మీ పిల్లకు ఏదైనా మందు ప్యాకెట్ ఇచ్చి చదివించండి. పరీక్షలా కాదు, సాయం అడిగినట్టు.

చివరగా, ఎలా అడగాలి అని మీరు నన్ను అడుగుతారు. సర్వేలకు వెళ్ళేవాళ్ళకు ముందు శిక్షణ ఇస్తారు. పది మందిలో అడగవద్దంటారు. జవాబు విని మొహం చిట్లించవద్దంటారు, శభాష్ అని కూడా అనవద్దంటారు. జవాబు మనమే అందించకూడదు, వాళ్ళు ఆలోచిస్తుంటే ఆగాలి. మనం ఇంట్లో సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాం. "బాగానే చదువుతున్నావు కదా?" అని అడుగుతాం. అది ప్రశ్న కాదు. దానికి "ఊఁ" తప్ప వేరే జవాబు లేదు. పైగా చుట్టాలు వచ్చినప్పుడే అడుగుతాం. బియ్యం ఏరుతున్నప్పుడో, బండి మీద వెళ్తున్నప్పుడో, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోనప్పుడు అడిగి చూడండి. మగపిల్లలకు ఇది మరీ పనిచేస్తుంది.

ముందు చెప్పిన అమ్మాయికి రక్తం ఎక్కించాక నాలుగో రోజు డిశ్చార్జి అయింది. గ్రూపు సంగతి ఇంకా తేలలేదు, వాళ్ళ నాన్నతో మాట్లాడాలట. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ మందుల చీటీ నా ముందు పెట్టి, ఏమేం అడగాలో వెనక రాసివ్వమన్నది. రాశాను: పొద్దున్న ఏం తిన్నావు. రాత్రి నిద్ర పట్టిందా. నెలసరి ఎన్ని రోజులు పోయింది. ఈ వారం నీకు నచ్చని సంగతి ఏమిటి. ఆమెకు చదవడం రాదు. ఓపీ మెట్ల మీద నిలబడి కూతురే ఆ ప్రశ్నలు ఒక్కొక్కటిగా వాళ్ళమ్మకు చదివి వినిపించింది. నేను ఇంజక్షన్ల ట్రే పట్టుకుని వార్డులోకి వెళ్ళిపోయాను.